డ్రమ్ మేజర్‌గా పోడియం ఎక్కేముందు

అమెరికాలో ఎండలు ముదిరే వేళకి హైస్కూల్ బ్యాండ్ హాళ్ళలో ఒక కాగితం అంటిస్తారు: డ్రమ్ మేజర్ ఆడిషన్లు ఫలానా రోజు అని. మైదానంలో నడుస్తూ వాయించే బ్యాండుకి ముందు, పోడియం అనే ఎత్తైన వేదిక మీద నిలబడి, చేతులతో తాళం చూపే విద్యార్థి నాయకుడే డ్రమ్ మేజర్. టెక్సస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా మన పిల్లలు క్లారినెట్టో ఫ్లూటో పట్టుకుని మార్చింగ్ బ్యాండులో చేరడం ఇప్పుడు మామూలే. రెండో ఏడాదికల్లా వాళ్ళలో కొందరి కన్ను ఆ పోడియం మీద పడుతుంది. అప్పుడు అమ్మానాన్నలు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే: "మావాడు ఆడిషన్ ఇస్తానంటున్నాడు. చేతులు ఊపడంలో నేర్చుకోవడానికి ఏముందమ్మా?"

చాలా ఉంది. నేను టెక్సస్‌లో రెండేళ్ళు డ్రమ్ మేజర్‌గా ఉన్నాను. ఇప్పుడు వేసవి క్యాంపుల్లో కొత్తగా ఎంపికైనవాళ్ళకి చేతులు దిద్దుతున్నాను. తెలుగు చదవడం వచ్చిన పిల్లలు దీన్ని నేరుగా చదువుకోండి. రానివాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వినిపించండి, పక్కన నిలబెట్టి చేయించండి. ఇందులో సగం పని అద్దం ముందు జరిగేదే.

ముందుగా మైదానం గురించి

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం గోల్ గీత నుంచి గోల్ గీతకి 100 గజాలు, వెడల్పు 160 అడుగులు. ప్రతి 5 గజాలకి ఒక అడ్డగీత ఉంటుంది. మార్చింగ్‌లో ఎక్కువగా వాడే కొలత, 8 అంగల్లో 5 గజాలు. అంటే ఒక్కో అంగ ఇరవై రెండున్నర అంగుళాలు. ఆట మధ్య విరామంలో (హాఫ్‌టైమ్‌లో) ఈ స్థలమంతా నూటయాభై మంది పిల్లలు పరుచుకుని, వాయిస్తూ, నడుస్తూ, ఆకారాలు మారుస్తూ ఉంటారు. మీరు 50 గజాల గీత దగ్గర, ముందు అంచున, పోడియం మీద ఉంటారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వేడిలో ధ్వని సెకనుకి దాదాపు 1,125 అడుగులు పోతుంది. వెనక అంచున నిలబడ్డ డ్రమ్ముల మోత 160 అడుగులు దాటి మీ చెవికి చేరడానికి 0.14 సెకను పడుతుంది. పాట నిమిషానికి 160 బీట్ల మీద నడుస్తుంటే ఒక్కో బీట్ 0.375 సెకను. అంటే మీరు వింటున్న దెబ్బ అప్పటికే మూడోవంతు బీటుకి పైగా పాతబడి ఉంది. వెలుతురుకి ఆ ఆలస్యం లేదు. మీ చెయ్యి కదిలిన క్షణమే వెనక వరసకి కనిపిస్తుంది.

డ్రమ్ మేజర్ పని మొత్తం ఈ తేడాలోనే ఉంది. చెవికి వచ్చిన దానితో చెయ్యి కలపబోయారా, మీ చెయ్యి ఆలస్యమవుతుంది. ఆ చెయ్యి చూసి డ్రమ్ములు ఇంకాస్త ఆలస్యంగా కొడతాయి. ఆ మోత మీకు మరింత ఆలస్యంగా చేరుతుంది. నాలుగు గీతలు గడిచేలోపు పాట బురదలో దిగబడిన బండిలా అయిపోతుంది.

నా మొదటి ఆట రోజున సరిగ్గా ఇదే జరిగింది. మూడో పాటలో డ్రమ్ములు వెనక కుడి మూలకి వెళ్ళాయి. అక్కణ్ణుంచి వస్తున్న మోత నా చేతులకన్నా వెనకపడినట్టు వినిపించింది. సర్దుదామని చేతులు నెమ్మది చేశాను. ఎడమవైపు ట్రంపెట్లు నన్ను చూశాయి, కుడివైపు ట్యూబాలు డ్రమ్ముల్ని విన్నాయి. పాట మధ్యకి చీలిపోయింది. సోమవారం మా డైరెక్టర్ వీడియో పెట్టి, నన్నేమీ అనకుండా, ఆ ఇరవై సెకన్లు మూడుసార్లు చూపించారు. మూడోసారికి నాకు అర్థమైంది: ఆ రోజు నేను విన్నాను, చూడలేదు.

కాబట్టి మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోవాల్సింది ఇది. మీ కళ్ళు స్నేర్ డ్రమ్ముల వరసలో మధ్యనున్నవాడి పాదాల మీద ఉండాలి. అతని పాదం నేలకి తాకే క్షణమూ మీ చెయ్యి బీటుకి తాకే క్షణమూ ఒకటి కావాలి. మోత తర్వాత వచ్చి చేరుతుంది, రానివ్వండి. ముందు అంచున మరింబాలు, వైబ్రఫోన్లు (కర్రలతో కొట్టే పట్టీల వాద్యాలు) పెట్టుకుని నిలబడే పిట్ జట్టు మాత్రం దీనికి తిరగేసి పనిచేస్తుంది. మామూలుగా వాళ్ళు మిమ్మల్ని చూడరు, వెనకనుంచి వచ్చే మోతని విని దాని మీద వాయిస్తారు. అప్పుడే ప్రేక్షకుడికి అన్నీ కలిసి చేరతాయి. పిట్ మీ చేతికన్నా వెనకపడినట్టు తోస్తే కంగారుపడకండి, వాళ్ళ పని వాళ్ళు సరిగ్గా చేస్తున్నారు.

నిలబడటం

పాదాలు భుజాలంత వెడల్పున లేదా కాస్త తక్కువలో పెట్టండి. బరువు మడమల మీద కాకుండా పాదం మధ్యలో ఉండాలి. మోకాళ్ళు బిగించకండి. బిగించి చాలాసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆగస్టు ఎండలో పోడియం మీదనుంచి పడటమంటే చిన్న విషయం కాదు. మోకాలు వంగినట్టు బయటికి కనిపించనక్కర్లేదు, లోపల వదులుగా ఉంటే చాలు.

మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బ్యాండుని 1977 నుంచి 2010లో కన్నుమూసేదాకా నడిపిన జార్జ్ పార్క్స్, డ్రమ్ మేజర్ల కోసమే 1978లో ఒక అకాడమీ మొదలుపెట్టారు. ఆయన పిల్లలతో నిలుచునే తీరుని పిలుపూ జవాబూగా చెప్పించేవారు. పాదాలు, పొట్ట, ఛాతీ, భుజాలు, మోచేతులు, గడ్డం అని వరసగా అడుగుతూ వెళ్ళి చివర "ఐస్?" (కళ్ళు?) అంటే పిల్లలంతా "విత్ ప్రైడ్!" (గర్వంగా!) అని అరిచేవారు. కళ్ళు చివర రావడం నాకు చాలా ఇష్టం. ఒళ్ళంతా సర్దుకున్నాకే చూపులో ధీమా నిలుస్తుంది. ముందు చూపు పెట్టి తర్వాత ఒళ్ళు సర్దుకోబోతే అది నటనలా కనిపిస్తుంది.

చేతులు

ఛాతీ ఎముక కింది అంచు ఎత్తులో మీ ముందు ఒక బల్ల ఉందనుకోండి. ప్రతి బీటూ ఆ బల్లనే తాకాలి. ఒకటి బొడ్డు దగ్గర, రెండు భుజం దగ్గర, మూడు ఇంకెక్కడో తాకితే దూరంనుంచి చూసేవాడికి బీట్ ఎక్కడ పడిందో తెలియదు. కొత్తవాళ్ళ చేతుల్లో నేను దిద్దే తప్పుల్లో సగానికి పైగా ఇదొక్కటే.

వేళ్ళు దగ్గరగా చేర్చి, బొటనవేలు పక్కన ఆనించి, అరచెయ్యి కిందివైపు చూసేలా పెట్టండి. మోచెయ్యి పక్కటెముకలకి అంటుకోకూడదు, రెక్కలా పైకి లేవకూడదు. ఒక గుప్పెడు ఖాళీ చాలు. కదలిక మోచేతి దగ్గర పుట్టాలి. మణికట్టు వేలాడకూడదు, కర్రలానూ బిగుసుకోకూడదు. బల్ల తాకే చివరి క్షణంలో చిన్న చిటుక్కు ఇస్తే చాలు.

నాలుగు బీట్ల పాటకి ఒకటి నిట్టనిలువుగా కిందికి, రెండు లోపలికి, మూడు బయటికి, నాలుగు పైకి. రెండు చేతులూ అద్దంలో బొమ్మల్లా ఒకేలా కదలాలి. కచేరీ హాలులో సంచాలకుడు ఎడమచేతిని వేరే పనికి వాడుకుంటాడు. మైదానంలో మీ ఎడమచేతిని మాత్రమే చూడగలిగే పిల్లలు కొందరు ఉంటారు, వాళ్ళకి ఆ చెయ్యి కూడా పూర్తి తాళం చెప్పాలి. మూడు బీట్లకి కిందికి, బయటికి, పైకి. రెండు బీట్లకి కిందికి, పైకి. తాకిన తర్వాత చెయ్యి పైకి లేచే ఎత్తు, దిగొచ్చిన ఎత్తులో సగం దాటకూడదు. ఒకటో బీట్ తర్వాత ఎగిరి నాలుగంత ఎత్తుకి పోతే చూసేవాడు తికమకపడతాడు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకి ఇక్కడ ఒక సులువూ ఒక చిక్కూ ఉన్నాయి. ఆదితాళం వేసిన చెయ్యికి లెక్క తప్పదు, అది సులువు. తొడమీద కొట్టే దెబ్బ చర్మానికి తెలుస్తుంది, గాలిలో కొట్టే దెబ్బ ఎవరికీ తెలియదు, అది చిక్కు. గాలి మీద కూడా తొడ తగిలినంత కచ్చితంగా ఆగడం నేర్చుకోవాలి. మొదటి వారం నిజంగానే ఒక బల్ల ముందు పెట్టుకుని వేలి కొసలు దాన్ని తాకేలా చేయండి. తర్వాత బల్ల తీసేయండి.

పరీక్ష ఇలా పెట్టుకోండి. సాయంత్రం ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒక చివర మీరు, 50 గజాల అవతల మీ తమ్ముడో చెల్లెలో. సూర్యుడు మీ వెనక ఉండాలి, వాళ్ళకి మీ నీడ ఆకారమే కనబడాలి. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమంటూ లయ చూపే పరికరం) మీ చెవిలో మాత్రమే వినబడాలి. మీరు మధ్యలో ఎక్కడైనా చేతులు ఆపగానే వాళ్ళు "అది మూడు" అనో "ఒకటి" అనో చెప్పాలి. సంగీతం రాని పిల్ల పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పిందంటే మీ చేతులు పనికొస్తాయి. చెప్పలేకపోతే తప్పు ఆ పిల్లది కాదు.

లయని ఒంట్లో దాచుకోవడం

పోటీలో మెట్రోనోమ్ ఉండదు. పాట ఎంత వేగంలో మొదలవ్వాలో మీ ఒళ్ళే చెప్పాలి. ప్రతి పాటకీ ఒక గుర్తు పెట్టుకోండి: ఆ పాటలో మీకు బాగా పట్టుబడ్డ ఒక వాక్యం. మొదలుపెట్టే ముందు దాన్ని మనసులో పాడుకుంటే వేగం దానంతటదే దొరుకుతుంది. అంకె గుర్తుపెట్టుకుంటే మైదానంలో గుండెదడకి చెదిరిపోతుంది, పాట చెదరదు. గుండె వేగంగా కొట్టుకునే రోజున ఎవరికైనా వేగం ఎక్కువ పట్టాలనే అనిపిస్తుంది. కాబట్టి ఆట రోజున మీకు కాస్త నెమ్మదిగా తోచిన వేగమే సరైనది కావచ్చు.

ఇంట్లో చేసే సాధన: నాలుగు ఆవృత్తాలు మెట్రోనోమ్‌తో, నాలుగు దాన్ని మూసేసి, మళ్ళీ తెరిచి చూడండి. ఎక్కడున్నారో తెలుస్తుంది. మూసే భాగాన్ని ఎనిమిదికి, పదహారుకి పెంచుకుంటూ పోండి. బీటుకీ బీటుకీ మధ్య ఖాళీని నింపడానికి మనకి అచ్చమైన పనిముట్లున్నాయి: నాలుగుకి తకధిమి, మూడుకి తకిట, ఐదుకి తకతకిట. పెదవులు కదపకుండా లోపల చెప్పుకుంటే చెయ్యి పరుగెత్తదు.

ఆవృత్తానికి ఏడు చిన్న లెక్కలుండే 7/8 వచ్చినప్పుడు జాగ్రత్త. మిశ్రచాపు అలవాటైన చెవి తకిట-తకధిమి అని మూడుతో మొదలుపెడుతుంది. బ్యాండ్ పాటల్లో చాలాచోట్ల 2+2+3, అంటే తక-తక-తకిట. పొడుగు బీట్ చివరికి వస్తుంది. స్కోరు (పాట స్వరాలు రాసిన కాగితం) చూసి ఎలా విడగొట్టారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. చేతులు మూడు బీట్ల ఆకారమే వేస్తాయి, చివరి బీట్ దగ్గర మాత్రం సగం ఎక్కువ సేపు ఉంటాయి. నా బ్యాండులో అందరూ భయపడ్డ ఈ భాగం నాకు నల్లేరు మీద నడకే. చిన్నప్పుడు మృదంగం క్లాసులో గంటలు గంటలు చెప్పించిన జతులు నా చేతికి అలా అక్కరకొచ్చాయి.

మొదలు, ముగింపు

మొదలుపెట్టడమంటే ఊపిరి పీల్చడం. లెక్క నాలుగైనా ఎనిమిదైనా, చప్పట్లతోనైనా నోటితోనైనా, ఆఖరి బీట్ మీద మీరు నిజంగా ఊపిరి తీసుకోవాలి, అది కనిపించాలి. ట్రంపెట్ వాయించేవాడు మీతోపాటు పీలుస్తాడు. మీరు పీల్చిన తీరే అతని మొదటి స్వరం. కంగారుగా లాగితే స్వరం గట్టిగా పగులుతుంది. నిండుగా పీలిస్తే స్వరం నిండుగా పుడుతుంది.

ఆపేటప్పుడు ఒకేసారి చేతులు మూసేయకండి. ఆపబోతున్నానని ఒక బీట్ ముందే చెయ్యి చెప్పాలి. చిన్న సున్నా చుట్టి బల్ల మీదే ముగించండి. మృదువైన పాట అయితే ఆ సున్నా నెమ్మదిగా మూసుకుంటుంది, గట్టి పాట అయితే తలుపుకి తాళం వేసినట్టు పడుతుంది.

బీటుకి రుచి పుట్టించడం

ఆకారం వచ్చాక అసలు సంగీతం మొదలవుతుంది. ఒకే నాలుగు బీట్లని మూడు రకాలుగా చేయడం సాధన చేయండి.

సాగే పాటకి చెయ్యి పట్టుచీర మీద నిమిరినట్టు కదలాలి. ఎక్కడా ఆగకూడదు, అయినా బల్ల తాకిన చోటు తెలియాలి. తెంపుతెంపుగా వాయించే పాటకి, కాలిన పెనం మీద వేలు తాకించి తీసినట్టు. చిన్నగా, చురుగ్గా తాకి, తీసిన చోట నిలిచిపోవాలి. బరువైన పాటకి రోకటి పోటు. ఎత్తడంలోనూ దించడంలోనూ భారం కనబడాలి. ఈ మూడూ అద్దం ముందు మౌనంగా చేసి ఇంట్లోవాళ్ళని అడగండి: "ఇప్పుడు ఏ రకం పాట నడుస్తోంది?" అమ్మమ్మ చెప్పగలిగితే ట్యూబా వాయించేవాడికీ తెలుస్తుంది.

గట్టిగా, మెల్లగా అన్నది చేతి పరిమాణంతో చెప్పాలి. అందుకని ఎప్పుడూ పూర్తి చాపుతో చేయకండి. మొదటి పాటకే చేతులు చెవులదాకా పోతే చివరి పాటలో పైకి వెళ్ళడానికి చోటు మిగలదు. వేగం పెరిగేకొద్దీ ఆకారం చిన్నదవ్వాలి. నిమిషానికి 180 మీద పెద్ద ఆకారం వేయబోతే చెయ్యి దూరం తిరిగిరాలేక ఆలస్యమవుతుంది. అక్కడ కిందికి-పైకి అన్నంత క్లుప్తంగా చేయడం తప్పేమీ కాదు.

కళ్ళు వేరు, చేతులు వేరు

కూచిపూడి నేర్చుకున్నదానిగా ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలని ఎనిమిదేళ్ళు మా గురువుగారు నేర్పారు. పోడియం మీద అది పనికిరాదు. చెయ్యి దాని తాళంలో అది పోవాలి, చూపు పిల్లల మీద ఉండాలి. మీరు చేతిని చూసుకుంటే బ్యాండుకి మీ కనురెప్పలే కనిపిస్తాయి. ఇది విడదీయడానికి చేతులతో నాలుగు బీట్లు వేస్తూ, గోడమీద అంటించిన ఐదు కాగితాల వైపు మీకు తోచిన వరసలో చూపు మార్చండి. చెయ్యి చెదరకుండా వచ్చేదాకా రోజూ పది నిమిషాలు.

స్కోరు మొత్తం కంఠతా రావాలి, అందులో రాయితీ లేదు. దానిపైన ఒక చూపుల పటం తయారుచేసుకోండి: ఫలానా ఆవృత్తంలో మెలోఫోన్లు (ఒక రకం ఇత్తడి బూరలు) లేస్తాయి, ఒక బీట్ ముందే వాళ్ళవైపు తిరగాలి, ఫలానా చోట కలర్ గార్డ్ (జెండాలతో నాట్యం చేసే జట్టు) జెండాలు పైకి విసిరి పట్టుకుంటుంది, అక్కడ వేగం అర వీసం జారకూడదు, ఫలానా చోట డ్రమ్ములు వీపు తిప్పుతాయి, అక్కడ పక్క పోడియం మీదున్న తోటి డ్రమ్ మేజర్ నా చేతులే చూస్తాడు. తోటి డ్రమ్ మేజర్లు ఉంటే ఒక్కటే నియమం: వాళ్ళు బ్యాండుని వినరు, మధ్యలో ఉన్నవాడి చేతులు కంటితో పట్టుకుని వాటినే వేస్తారు.

చీలిక వచ్చినప్పుడు

ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు చేతులు పెద్దవి చేయాలనిపిస్తుంది. చేయకండి. పెద్ద చెయ్యిలో బీట్ మొన మొద్దుబారుతుంది. చిన్నవి చేయండి, పదును పెంచండి. కళ్ళు మధ్య స్నేర్ పాదాల మీదికి తీసుకెళ్ళండి, డ్రమ్ములతో ఒకటవ్వండి. మిగతావాళ్ళు వచ్చి కలిసేదాకా అక్కణ్ణుంచి కదలకండి. రెండు జట్లకీ మధ్య రాజీ వేగం పట్టబోయారా, మూడో వేగం పుడుతుంది. ముఖంలో కంగారు చూపించకండి. తప్పు చేసిన పిల్లవైపు కన్నెర్ర చేయకండి. ఆ సమయంలో ఆ పిల్లకి మీ ముఖం ఒక్కటే ఆసరా.

ఇక ప్రదర్శన

పిల్లలు మొదట నేర్చుకోవాలనుకునేది ఇదే, నేను చివర్లో పెట్టింది కావాలనే. చేతుల్ని బ్యాండు నమ్మాకే మీ విన్యాసాన్ని ప్రేక్షకులు నమ్ముతారు.

అమెరికాలో ఈ కళకి ఒకే బాణీ లేదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం బ్యాండులో డ్రమ్ మేజర్ చేతులకన్నా ఒంటితో ఎక్కువ మాట్లాడతాడు. ర్యాంపు మీదనుంచి మైదానంలోకి దూసుకొచ్చి, టోపీ మీది కుచ్చు వెనక నేలకి తగిలేదాకా నడుము విరిచి వంగుతాడు. 1936 నుంచి ఆ బ్యాండు మైదానం మీద 'ఒహాయో' అని చేతిరాతలో రాస్తోంది. ఒకే వరసలో నడిచే ఆ రాతకి ముందు నడిచేది అతనే. చివర్న 'ఐ' మీద చుక్క పెట్టడానికి సూసాఫోన్ (ఒంటికి చుట్టుకుని మోసే పెద్ద ట్యూబా) వాద్యకారుణ్ణి తీసుకెళ్ళేదీ అతనే.

నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన విశ్వవిద్యాలయాల బాణీ ఇంకొకటి. ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో విలియం ఫోస్టర్ 1946 నుంచి 1998 దాకా తీర్చిదిద్దిన 'మార్చింగ్ 100' బ్యాండులో డ్రమ్ మేజర్లు మోకాలు నడుమెత్తుకి లేపి నడుస్తారు, నాట్యం చేస్తారు, వెనక్కి విల్లులా వంగుతారు. ఫ్రెంచి విప్లవం రెండువందల ఏళ్ళ పండగకి 1989లో పారిస్ వీధుల్లో అమెరికా తరఫున నడిచింది ఆ బ్యాండే. జాక్సన్ స్టేట్, సదరన్ విశ్వవిద్యాలయాల డ్రమ్ మేజర్లనీ చూడండి. ఎంత ఆడినా అడుగు బీట్ మీదే పడుతుంది.

మూడోది డ్రమ్ కోర్ బాణీ, అంటే ఇత్తడి బూరలు, డ్రమ్ములు, జెండాలతో వేసవిలో పోటీపడే స్వతంత్ర జట్ల తీరు. టెక్సస్ హైస్కూళ్ళు ఎక్కువగా దీన్నే అనుసరిస్తాయి. ఇందులో విన్యాసమంతా సెల్యూట్‌లోనూ, సంగీతం మలుపు తిరిగే రెండు మూడు చోట్లా ఉంటుంది. మిగతాదంతా పొదుపు.

మీ బ్యాండుది ఏ బాణీయో దానిలోనే నిలబడండి. పొదుపైన డ్రమ్ కోర్ ప్రదర్శన మధ్యలో నడుము విరుపు అతికిస్తే అది విస్తట్లో పడని వడ్డనలా ఉంటుంది. కూచిపూడి ముద్ర ఒకటి పెట్టమంటారా అని కొందరు పిల్లలు అడుగుతారు. ఆ ఏడాది ప్రదర్శన కథకి అది సరిపోతే పెట్టండి, మీ డైరెక్టర్‌తో మాట్లాడి పెట్టండి. మనవాళ్ళమని చూపించుకోవడానికే అయితే వద్దు. ముద్రకున్న గౌరవం అలా నిలవదు. నాట్యం మీకు ఇచ్చిన అసలు సొత్తు ముద్ర కాదు, ఆగాల్సిన చోట ఒళ్ళంతా ఒకేసారి ఆగడం. దాన్ని వాడుకోండి.

సెల్యూట్ కట్టుకోవడం ఎలాగంటే: పోటీలో "డ్రమ్ మేజర్, మీ బ్యాండు సిద్ధమేనా?" అని మైకులో అడుగుతారు. సెల్యూట్ దానికి మీ జవాబు. 8 నుంచి 16 లెక్కల్లో పూర్తయ్యేలా పెట్టుకోండి. మూడు కదలికలు చాలు, నాలుగోది అక్కర్లేదు. వాటిలో ఒకటి నెమ్మదిగా, ఒకటి మెరుపులా ఉండాలి, చివరిది రాయిలా నిలిచిపోవాలి. నిలిచిన ఆ రెండు లెక్కలే జనానికి గుర్తుంటాయి. తర్వాత వెనక్కి తిరగడం, పోడియం మెట్లెక్కడం కూడా ప్రదర్శనలో భాగమే. మెట్లు చూసుకుంటూ తడుముకుంటూ ఎక్కితే అంతకుముందు చేసిందంతా పోతుంది. బూట్లు, పూర్తి యూనిఫాం వేసుకుని మెట్లెక్కడం కనీసం ఇరవైసార్లు సాధన చేయండి.

పాట నడిచేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ప్రతి విన్యాసం బ్యాండుకి ఏదో ఒకటి చెప్పాలి. పెద్ద స్వరం ముందు వెనక్కి వాలారంటే ఊపిరి నిండా తీసుకోమని చెప్పినట్టు. ఊరికే చెయ్యి తిప్పితే ఏమీ చెప్పనట్టే, పైగా ఎవరో ఒకరు దాన్ని బీట్ అనుకుంటారు. పాట మొదలవడానికి ముందు రెండు లెక్కల్లోనూ, వేగం మారే చోటా ఏ విన్యాసమూ వద్దు.

నడుము విరుపు నేర్చుకునేవాళ్ళు వారాల తరబడి వెన్ను, తొడలు సాగదీశాకే, పక్కన పట్టుకునే మనిషి ఉన్నప్పుడే చేయండి. ఒళ్ళు వేడెక్కకుండా అసలు చేయకండి. డ్రమ్ మేజర్ పట్టుకునే దండాన్ని పైకి విసరడం పచ్చిక మీద, ముందు తలెత్తు వరకే. పదికి పదిసార్లు పట్టాకే ఎత్తు పెంచండి.

గొంతు

"బ్యాండ్, టెన్-హట్!" (సావధాన్!) అన్న ఆజ్ఞ మైదానం అవతలికి వినిపించాలి. గొంతు చించుకుంటే రెండో రోజుకే బొంగురుపోతుంది. పాట నేర్చుకున్నవాళ్ళకి తెలుసు, ఊపిరి నాభినుంచి రావాలి. గడ్డం ఎత్తకండి. మొదటి మాట సాగదీసి, కొద్దిగా ఆగి, చివరి మాటని తుంచి పలకండి. ఆజ్ఞలో కోపం అక్కర్లేదు, అది పిలుపు.

ఆడిషన్, ఆ తర్వాత

ఆడిషన్‌లో మామూలుగా ఒక పాటకి చేతులు వేయడం, ఆజ్ఞలు, సెల్యూట్, ముఖాముఖి ఉంటాయి. కొన్ని బళ్ళు కొత్త పిల్లకి ఏదో ఒక నడక నేర్పి చూపించమంటాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నేర్పేటప్పుడు ఒకసారికి ఒక్క తప్పే దిద్దండి, మళ్ళీ చేయించండి, బాగైతే బాగైందని చెప్పండి. ముఖాముఖిలో "మీ స్నేహితుడు సాధనకి ఆలస్యంగా వస్తే ఏం చేస్తావు?" లాంటి ప్రశ్న వస్తుంది. అందంగా ఉండే జవాబు వెతక్కండి, నిజంగా ఏం చేస్తారో అదే చెప్పండి. ఎంపికయ్యాక అది చేయాల్సి వస్తుంది.

టెక్సస్‌లో బడివేళలు కాకుండా వారానికి 8 గంటలకు మించి బ్యాండు సాధన జరగకూడదని నియమం ఉంది. ఆ గంటలు నూటయాభై మందివి. మీ చేతులు నేర్చుకోవడానికి వాళ్ళ గంటలు వాడకండి, ఇంట్లో నేర్చుకుని రండి. సాధనకి అందరికన్నా ముందు వచ్చి పోడియం బిగించారో లేదో చూసుకోండి. రోజంతా నీళ్ళు తాగుతూ ఉండండి. టోపీ పెట్టుకోండి, పాట నడిచేటప్పుడు మాత్రం చలువ కళ్ళద్దాలు తీసేయండి, పిల్లలకి మీ కళ్ళు కనబడాలి. రాత్రి ఆటకి తెల్ల గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి. చెమటకి తడిసి నల్లబడ్డ గ్లవ్ వెనక వరసకి కనిపించదు.

ఆఖరి స్వరం ఆపాక చేతులు వెంటనే దించకండి. మోత స్టేడియం అవతలి గోడకి తగిలి తిరిగొచ్చేదాకా పైనే ఉంచండి. ఆ ఒకటిన్నర సెకనులో బ్యాండంతా మీతోపాటు కదలకుండా నిలబడి ఉంటుంది. తర్వాత దించండి, నెమ్మదిగా, రెండు చేతులూ ఒకే వేగంతో. జనంవైపు తిరిగి సెల్యూట్ చేసి, మెట్లు దిగి, బ్యాండుతోపాటు అదే అంగతో నడవండి. చివరి వరసలో చివరి పిల్ల మైదానం గీత దాటాకే భుజాలు వదులు చేయండి.